టేపు మన చేతికి రావాలి

మన హాస్టల్‌లో ఎవరిని అడిగినా సాఫ్ట్‌వేర్, లేకపోతే గ్రూప్స్ అంటారు. తప్పు లేదు. కానీ మియాపూర్‌లో బస్సు దిగి హైటెక్ సిటీ దాకా వెళ్తే కనిపించే అద్దాల మేడల్లో కూర్చుని చేసే ఉద్యోగాలే మనకు తెలుసు. ఆ మేడకు ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎంత కూలి అని ముందే లెక్క కట్టే ఉద్యోగం కూడా ఒకటుంది. క్వాంటిటీ సర్వేయర్ అంటారు. సైటులో చాలాచోట్ల బిల్లింగ్ ఇంజనీరు అనే పిలుస్తారు.

డ్రాయింగ్ చూసి పరిమాణాలు తీయడం, రేట్లు వేయడం, జరిగిన పని కొలిచి బిల్లు చేయడం, ఖర్చు అంచనా దాటుతుంటే ముందే చెప్పడం అతని పని. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎం.ఎం. కడ్డీ అయితే సుమారు 0.89 కిలోలు. పదో తరగతి లెక్కే కదా!

లెక్క చిన్నదే గానీ ఫలితం పెద్దది. మన మెట్రోనే చూడండి. 2008లో మేటాస్ కూటమి ప్రభుత్వాన్ని పైసా అడక్కుండా, ఎదురు తామే 35 ఏళ్లలో 30,311 కోట్లు ఇస్తామంది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అప్పుడే అనుమానం వ్యక్తం చేశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది, జూలైలో ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టి వచ్చి అదే మెట్రోకు ప్రభుత్వమే 1,458 కోట్లు సాయం చేయాలంది. 2017 నవంబరు 28న మియాపూర్‌లో రైలు కదిలింది. మొదటి లెక్కలో పట్టాల కంటే భూముల మీద ఆశే ఎక్కువని నా అభిప్రాయం.

అయితే నాకు మెట్రో లెక్క కంటే మా నాన్న కూలి లెక్క ముఖ్యం. నాన్నది ప్లాస్టరింగ్ పని, అడుగుల లెక్కన గుత్త. కొలిచేది మేస్త్రి. చదువు రాని నాన్న చెప్పిన అంకెకు తల ఊపుతాడు. కిటికీలకు, వెంటిలేటర్లకు లోపలా బయటా రెండు వైపులా కోత పెడతారు. ఐ.ఎస్. 1200 ప్రమాణం ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీకి కోతే లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేయాలి. కిటికీ పక్క అంచులు పూసిన శ్రమకు రెండో వైపు చెల్లు. రెండడుగుల వెంటిలేటర్ అర మీటరు లోపే వస్తుంది. కూలి గుత్తకు ఈ ప్రమాణం చట్టం కాదు, నిజమే. కానీ పైన కాంట్రాక్టరు ఈ పద్ధతిలోనే బిల్లు తీసుకుంటూ, కింద పూసినవాడికి ఇంకో టేపు పెడితే అది ఏం న్యాయం?

ఇంకొకటి. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు భవన కార్మికుల సంక్షేమానికి పోవాలి. వ్యయం తగ్గించి రాస్తే గండి పడేది ఆ నిధికే. రాసే చోట మనవాళ్లు ఒక్కరైనా ఉండొద్దా?

సివిల్ డిప్లొమా చేసినవాళ్లూ ఇందులో చేరవచ్చు. ఎక్సెల్, ఆటోక్యాడ్ బాగా నేర్చుకోండి. నిర్మాణ పనుల్లో శిక్షణకు హైటెక్ సిటీ దగ్గర 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. అంతకంటే ముందు, ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒక టేపు కొనుక్కోండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. అమ్మానాన్నలు పని చేసిన గోడ ఒకటి మీరే కొలిచి, ఆ కాగితం మేస్త్రికి చూపించండి.