కోడిగుడ్డా, మందుబిళ్లా?

ఇంట్లో ఎవరికైనా క్షయ అని తెలిసిందనుకోండి, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ మనకొక వంట చెప్పి వెళ్తారు. రోజూ రెండు గుడ్లు పెట్టమని ఒకరు, మేకకాళ్ల సూపు కాచమని ఇంకొకరు, పాలల్లో బాదంపప్పు నూరి పొయ్యమని మరొకరు. మందులు వేళకు వేసుకుంటున్నారా అని మాత్రం ఒక్కరూ అడగరు!

వాళ్ల తప్పు కూడా కాదులెండి. మందులు లేని రోజుల్లో వైద్యమంటే అదే మరి. మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, బలమైన తిండి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానటోరియంలు అందుకే వెలిశాయి. మందులు వచ్చాక కూడా కొంతకాలం ఆ పద్ధతే సాగింది. మా చిన్నమ్మమ్మ కూడా చంటిపిల్లను మా అమ్మమ్మ ఒళ్లో వేసి, అలా ఒక శానటోరియంలో ఏడాదిపైన ఉండి వచ్చిందట. జబ్బు నయమై వచ్చేసరికి ఆ పిల్ల మా అమ్మమ్మనే 'అమ్మా' అని పిలుస్తోంది. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ చెప్పుకుని బాధపడింది జబ్బు గురించి కాదు, ఆ పిలుపు గురించే.

బిడ్డను వదిలి అలా వెళ్లడం నిజంగా అవసరమా? దీనికి జవాబు 1959లో మద్రాసు నుంచి వచ్చింది. అది చెప్పేముందు మందులను ఎలా పరీక్షిస్తారో కాస్త చూద్దాం.

మీరు ఆవకాయలో కొత్తరకం ఆవపిండి వేసి చూడాలనుకున్నారు. ఒక జాడీలో పాత పిండి, ఒక జాడీలో కొత్త పిండి. కానీ గట్టి కాయలన్నీ కొత్త జాడీలో వేసి, మెత్తబడ్డవి పాత జాడీలో వేశారనుకోండి. తేడా వస్తే అది పిండి వల్లనో, కాయ వల్లనో ఎలా తెలుస్తుంది? అందుకే ఎవరికి ఏ వైద్యమో డాక్టరు ఏరి పెట్టకూడదు, చీటీ తీసినట్టు తేలాలి. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను అలాగే పరీక్షించారు. 107 మంది క్షయ రోగులు. 55 మందికి మందూ విశ్రాంతీ, మిగతా 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఘోరం అనిపిస్తుంది గానీ, ఆ మందు అందరికీ సరిపడా లేని రోజులవి. ఆరు నెలల్లో విశ్రాంతి ఒక్కటే ఉన్నవాళ్లలో 14 మంది పోయారు, మందు తీసుకున్నవాళ్లలో నలుగురే.

ఆ సంబరం నిలవలేదు. ఒక్క మందే ఇవ్వడంతో చాలామందిలో క్రిమి దానికి లొంగడం మానేసింది. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండు వైపులా సగానికి పైగా లేరు. క్షయకు ఒక్క మందు చాలదు, కలిపి ఇవ్వాలి అన్నది ఆ దెబ్బతో తెలిసొచ్చింది.

ఇక మద్రాసు సంగతి. 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లండు డాక్టరుగారు ముందుండి నడిపించారు. బీద కుటుంబాల నుంచి 193 మంది రోగులను తీసుకుని, చీటీ తీసినట్టే రెండు భాగాలు చేశారు. సగం మంది శానటోరియానికి, సగం మంది వాళ్ల ఇళ్లకే. మందులు మాత్రం అందరికీ ఒకటే. ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్., ఏడాది పాటు.

ఆ ఇళ్లు ఎలాంటివో ఊహించుకోండి. ఇరుకు గది, దాన్నిండా మనుషులు, చాలీచాలని తిండి. ఆ పి.ఎ.ఎస్. ఏమో గ్రాముల లెక్కన మింగాలి, కడుపులో తిప్పేస్తుంది. శానటోరియంలో తిండీ విశ్రాంతీ రెండూ ఎక్కువే, మందు దగ్గరుండి మింగిస్తారు. ఇంటిదగ్గర వాళ్లు వారం వారం వెళ్లి తెచ్చుకుని వాళ్లే వేసుకోవాలి. వేసుకుంటున్నారో లేదోనని చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి చూసేవారట, మూత్రం పరీక్ష చేసేవారట. మా అత్తగారి తనిఖీ గుర్తొచ్చింది నాకు!

ఏడాదికి లెక్క తీశారు. శానటోరియంలో నూటికి 92 మందికి జబ్బు అణిగింది. ఇంట్లో 86 మందికి! బరువు మాత్రం శానటోరియం వాళ్లే ఎక్కువ పెరిగారు. మరి ఇంట్లో పిల్లలకు అంటుకోదా అంటారా? ఐదేళ్లు కనిపెట్టి చూశారు. ఇంట్లో వైద్యం జరిగిన కుటుంబాల్లో జబ్బు ఎక్కువేమీ రాలేదు. ముప్పంతా ఎక్కువగా జబ్బు బయటపడక ముందు దగ్గిన దగ్గులోనే ఉందని తేలింది. ఆ తర్వాత లోకమంతా శానటోరియంలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

ఇది మొదట తెలిసినప్పుడు నాకు కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చిందండీ. మన వంటకు విలువే లేదా అని. అయితే కథ అక్కడ ఆగలేదు. అదే మద్రాసు సంస్థ ఇంకొందరితో కలిసి 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో మరో పరీక్ష చేసింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవ దానికి ముఖ్యులు. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలో పదివేల మందికి పైగా మనుషులు. రోగులందరికీ మందులతో పాటు నెలనెలా సరుకులు ఇచ్చారు. సగం ప్రాంతాల్లో మాత్రం ఇంట్లో మిగతావాళ్లకూ ఇచ్చారు. పెద్దవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్లలు. అంతే! ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లోనూ మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో చావులు తక్కువగా ఉన్నాయి. కాబట్టి గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, రోగికి ఒక్కరికే కాదు, పక్కన తినే పిల్లలకీ పెట్టండి. కానీ బిళ్ల బదులు గుడ్డు కాదు.

ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తిండి ఖర్చుకని రోగి ఖాతాలో వేసే డబ్బును 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు చేశారు. ఆశా కార్యకర్తను అడిగి ఖాతా వివరాలు రాయించుకోండి. ఈ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది. దానివల్ల మూత్రం నారింజరంగులో వస్తుంది, రక్తమేమోనని హడలిపోవద్దు. ఇంకొకటి, ఇది మగ డాక్టరుకు చెప్పడానికి మనం మొహమాటపడతాం. ఆ మందు వాడినంతకాలం కుటుంబ నియంత్రణ బిళ్లలు సరిగా పనిచేయవు. వేరే పద్ధతి అడిగి తీరాలి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. సరిగ్గా అప్పుడే బిళ్లలు అటక ఎక్కుతాయి. మా పక్కింటావిడ వాళ్లాయనకు వంటింటి క్యాలెండర్‌లోనే గుర్తు పెట్టేది. పాలవాడి లెక్కకు నీలం గీత, బిళ్లకు ఎర్ర గీత. ఎర్ర గీత లేకపోతే ఆయనకు కాఫీ లేదు.