గర్భంలో ఎదగని బిడ్డ, వైద్యుడికి తెరుచుకోని పుస్తకం

ఇరవై ఎనిమిదో వారం స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల మందగించిందని తేలితే, ఆ కుటుంబం వైద్యుణ్ణి అడిగేది ఒకటే: మందేమైనా ఉందా? భారతదేశంలో చాలాచోట్ల ‘ఉంది’ అనే జవాబే వస్తుంది. ఎల్-ఆర్జినిన్ పొడి పొట్లాలో, రక్తనాళాలను వ్యాకోచింపజేసే సిల్డెనాఫిల్ మాత్రలో మందుల చీటీకెక్కుతాయి. వైద్య పరిశోధనా పత్రాలను ఓపికగా వెతికినవారికి దొరికే జవాబు వేరు. మాయ పనితీరు దెబ్బతిని బిడ్డ ఎదుగుదల కుంటుపడిన తర్వాత, దాన్ని తిరిగి గాడిలో పెట్టగలదని నిరూపితమైన మందు ఇంతవరకూ ఏదీ లేదు.

సిల్డెనాఫిల్ కథే ఇందుకు సాక్ష్యం. వయాగ్రా పేరుతో లోకానికి తెలిసిన మందు ఇది. గర్భం తొలి నెలల్లో గర్భాశయంలోని సన్నని ధమనులు వెడల్పు కావాలి. అది సరిగా జరగకపోతే మాయకు రక్తం చాలదు. నాళాలను మందుతో వ్యాకోచింపజేస్తే బిడ్డకు రక్తం పెరుగుతుందన్నది ఊహ. వినడానికి ఎంతో సబబుగా ఉంది. కొద్దిమంది గర్భిణులపై జరిగిన తొలి అధ్యయనాలు కూడా ఆశ రేపాయి. దాంతో బ్రిటన్, న్యూజిలాండ్-ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, కెనడా వైద్యులు ‘స్ట్రైడర్’ పేరుతో పకడ్బందీ పరీక్షలు చేపట్టారు. బ్రిటన్‌లో 135 మంది, న్యూజిలాండ్-ఆస్ట్రేలియాలో 122 మంది గర్భిణులు పాల్గొన్నారు. ప్రయోజనం కనబడలేదు. నెదర్లాండ్స్ పరీక్షను 2018 జులైలో అర్ధంతరంగా ఆపేయవలసివచ్చింది. అప్పటికి మందు తీసుకున్న 93 మంది తల్లుల బిడ్డల్లో 17 మందికి ఊపిరితిత్తుల సమస్య వచ్చింది. వారిలో 11 మంది మరణించారు. మందు లేని ఉత్త మాత్ర తీసుకున్న 90 మంది తల్లుల బిడ్డల్లో ఆ సమస్య ముగ్గురికే వచ్చింది, దానివల్ల ఒక్కరూ చనిపోలేదు. కెనడా పరీక్ష కూడా ఆగిపోయింది.

డచ్చి వైద్యులు ఆ అంకెలను దాచలేదు. వెంటనే లోకానికి చెప్పారు, తర్వాత పూర్తి పత్రమూ ప్రచురించారు. వైద్యశాస్త్రం పరువు నిలిచేది ఇలాంటి ఒప్పుకోళ్లతోనే. కానీ ఓటమిని చెప్పే పత్రానికి ప్రచారకర్తలుండరు. ముప్ఫై నలభై మందిపై జరిపి, డాప్లర్ స్కానింగ్‌లో రక్తప్రవాహపు కొలత కాస్త మెరుగుపడిందని చెప్పే పత్రమైతే మెడికల్ రెప్ సంచిలో భద్రంగా ప్రయాణిస్తుంది. స్కానింగ్ అంకె మెరుగుపడటం, బిడ్డ బతికి ఇంటికి చేరడం ఒకటి కావు. ఆ తేడా పట్టుకోవాలంటే పత్రం మొత్తం చదవాలి. మిగిలిన పత్రాల పక్కన పెట్టి చదవాలి.

దక్షిణాసియాకు సంబంధించినంతవరకు ఇంకో చిక్కు ఉంది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ 2013లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2010లో భారత్‌లో గర్భకాలానికి తగిన బరువు లేకుండా పుట్టిన శిశువులు 1 కోటి 28 లక్షలు. అంటే పుట్టినవారిలో దాదాపు సగం. (కొలబద్ద మార్చితే ఈ అంకె తగ్గుతుంది గానీ, ఈ విషయంలో దక్షిణాసియా అగ్రస్థానం మారదు.) వీరందరి సమస్యా మాయలోనే లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు 180 రోజులు వాడినవారు 26 శాతమే. తల్లి కంచంలోని కొరతను పొడి పొట్లంతో పూడ్చబూనడం వైద్యమెలా అవుతుంది?

ఆ కంచం సంగతి పార్లమెంటుకు తెలియనిది కాదు. గర్భిణులకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం అందాలని 2013 నాటి ఆహార భద్రతా చట్టం నిర్దేశించింది. మాతృ వందన యోజన తొలి కాన్పుకు ఇస్తున్నది 5,000. మిగతాది జననీ సురక్ష కింద సర్దుబాటవుతుందని ప్రభుత్వం అంటుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే సాయం. మగబిడ్డను మోస్తున్న తల్లికి ఆకలి తక్కువని ఏ పరిశోధనా పత్రమూ చెప్పలేదు.

నిజంగా పనికొచ్చే మందు ఒకటుంది గానీ అది చికిత్స కాదు, ముందుజాగ్రత్త. ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న గర్భిణులకు 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే, నెలలు నిండకముందే వచ్చే గుర్రపువాతం ముప్పు బాగా తగ్గుతుందని 2017లో వెలువడిన ‘ఆస్ప్రే’ పరీక్ష చూపింది. మాయ దెబ్బతినడం వల్లే వచ్చే జబ్బది. ఆస్పిరిన్ కారుచౌక, దాన్ని మోసుకు తిరిగే రెప్‌లు ఎవరూ ఉండరు. అయితే తొలి మూడు నెలల్లో గర్భిణి పరీక్షకు రావాలి. అలా వచ్చేవారు 70 శాతమేనని అదే సర్వే చెబుతోంది.

ఇదంతా జిల్లా ఆస్పత్రి వైద్యురాలికి ఎలా తెలియాలి? పబ్‌మెడ్‌లో వెతికితే సారాంశం ఉచితంగా కనబడుతుంది. పూర్తి పత్రం చాలాసార్లు డబ్బు కట్టనిదే తెరుచుకోదు. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు అందులో ఉన్నాయి. మంచి పనే. కానీ ఆ తలుపు తెరుచుకున్నది ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కళాశాలలు, కేంద్ర పరిశోధనా సంస్థలకు. కాన్పులు చేసే ఏరియా ఆస్పత్రి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చిన్న పట్టణపు నర్సింగ్ హోమ్ బయటే నిలబడ్డాయి. పేరులో ‘వన్ నేషన్’ ఉంది గానీ జాబితాలో దేశమంతా లేదు.

ఇది సాధ్యంకాని కోరిక కాదు. వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ జల్లెడపట్టి సమీక్షించే కాక్రేన్ లైబ్రరీని, 2007లోనే భారత వైద్య పరిశోధనా మండలి దేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతివారికీ తెరిచింది. ఏ కళాశాల గుర్తింపూ అడగలేదు. ఇప్పటి పథకం గడువు 2027తో ముగుస్తుంది. ప్రచురణ సంస్థలతో మళ్లీ బేరానికి కూర్చునేటప్పుడు, ప్రసూతి వార్డు ఉన్న ప్రతి ప్రభుత్వ ఆస్పత్రినీ ఆ ఒప్పందంలో చేర్చాలని ఆరోగ్య శాఖ ఇప్పుడే విద్యా శాఖకు రాయాలి.