మొలకాకులు – వంటయిల్లు

ఈ నడుమ పట్టణములందు మైక్రోగ్రీన్సు అను పేర లేత మొలకాకులను చిన్న పెట్టెలలో నుంచి పెద్ద వెలకు విక్రయించుచున్నారు. తలిదండ్రులు కొందఱు వీనిని పిల్లలకు తప్పక పెట్టవలసిన యౌషధముగా నెంచుచున్నారు. నా యభిప్రాయ మట్లు గాదు.

ఇవి మంచివే. 2012లో అమెరికా వ్యవసాయశాఖవారును, మేరీలండ్ విశ్వవిద్యాలయమువారును 25 రకముల మొలకాకులను పరీక్షింపగా, పెక్కింట విటమినులు ముదురాకులలోకంటె హెచ్చుగా నుండెను. ఆ రకములలో కొత్తిమీరయు, ఎఱ్ఱతోటకూరయు గలవు. అయిన నా పోలిక సమానమైన తూకమునకు జెప్పినది. పిడికెడు మొలకాకు తూగున దెంత? కడుపార దిను తోటకూరపప్పునకు నది సాటి రాదు. ఆకుకూర మానిపించి, ఆ సొమ్ముతో నీ పెట్టెలు కొనుట పిల్లలకు నష్టమే.

మెంతులును ఆవాలును పోపులపెట్టెలోనే యున్నవి గదా! విద్యార్థులు తామే విత్తవచ్చును. మెంతులను రాత్రి నానవేసి, అడుగున చిల్లులు గల పళ్లెములో రెండంగుళముల మన్ను పోసి చల్లి, వెలుతురు వచ్చు కిటికీకడ నుంచిన, సుమారు పది దినములకు కోతకు వచ్చును. ధనియములకు మాత్రము ఓపిక కావలెను; బద్దలుగా నలిపి వేసినను ఆలస్యముగా మొలచును. పొలములో విత్తుటకై మందు పట్టించి యమ్ము గింజలను వంటకై మొలపింపనే కూడదు.

కోసినవానిని చక్కగా గడుగవలెను. ఉడికింపరాదు, విటమిను సి వేడికి నశించును. పప్పు దింపిన పిమ్మట గలిపి మూతపెట్టిన చాలును. ఆవమొలకాకు ఘాటు పెరుగుపచ్చడికి మిక్కిలి యింపు. మెంతి చేదని పిల్లలు మొగము త్రిప్పుకొనిన, కొబ్బరికోరును నిమ్మరసమును గలిపి పెట్టుడు.