అయస్కాంతం లేని డైనమో

సైకిల్ డైనమో విప్పి చూసినవాళ్ళకు తెలుసు, లోపల తిరిగేది అయస్కాంతమేనని. అది లేకుండానే కరెంటు పుట్టించే యంత్రం ఉందంటే నన్ను అనుమానంగా చూస్తారేమో. కానీ ఉంది. పేరు స్విచ్డ్ రిలక్టెన్స్ జనరేటర్. దాని రోటార్‌లో అయస్కాంతం లేదు, రాగి చుట్లు లేవు. పళ్ళచక్రంలా కోసిన పల్చటి ఉక్కు రేకుల దొంతర, అంతే!

మరి కరెంటు ఎలా? అయస్కాంతానికి అంటుకున్న మేకును ఊడబీకాలంటే బలం పెట్టాలి కదా. ఇక్కడా అదే. స్టేటర్ పన్నూ రోటార్ పన్నూ ఎదురెదురుగా వచ్చే వేళకు స్టేటర్ చుట్టలోకి కాస్త కరెంటు పంపుతారు. అది విద్యుదయస్కాంతమై ఉక్కు పన్నును పట్టుకుంటుంది. ఇంజన్ ఊరుకోదుగా, బలవంతంగా లాక్కుపోతుంది. ఆ లాగుడుకు ఖర్చయిన శక్తే, మనం ఇచ్చినదానికి మించిన కరెంటుగా తిరిగొస్తుంది.

ఉక్కును లాగించి పని చేయించుకోవడం పాత సంగతే. 1842లోనే స్కాట్లాండ్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ ఇలా ఒక రైలింజన్ నడిపాడు. మనిషి చురుగ్గా నడిచినంత వేగం, పాపం. క్షణాల్లో కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చులు రావడానికి మరో వందేళ్ళ పైనే పట్టింది.

అసలు కథ విమానాల్లో ఉంది. గ్యాస్ టర్బైన్ కోసం 30 కిలోవాట్ల, 270 వోల్టుల యంత్రాన్ని డిజైన్ చేసిన అమెరికా ఇంజనీర్లు 1995లో ఆ వివరాలు ప్రచురించారు. నిమిషానికి 52,000 చుట్లు! లెక్కేశాను, సెకనుకు 867. రోటార్‌కు 4 పళ్ళుంటే ఒక్కో విడతకు దక్కేది సెకనులో సుమారు 3,500వ వంతు. అందులోనే కరెంటు ఎక్కించాలి, రాబట్టాలి. మరీ ముందు ఎక్కించారో, జనరేటర్ కాస్తా మోటారైపోతుంది. (ఇంజన్ స్టార్ట్ చేయడానికి వాడుకునేదీ ఆ గుణాన్నే.)

ఇంత తంటా ఎందుకంటారా? అయస్కాంతమున్న జనరేటర్‌లో చుట్ట షార్టయితే, షాఫ్టు తిరిగినంతసేపూ అది కరెంటు తోస్తూనే ఉంటుంది. ఆకాశంలో, ఇంజన్ పక్కన, అలాంటిది నిప్పుతో సమానం. ఇక్కడైతే స్విచ్ ఆపేస్తే ఆ ఫేజు చల్లబడుతుంది, మిగతావి పని చేస్తూంటాయి. వేడికి అయస్కాంతం నీరసించే భయమూ లేదు. నా ఓటు దీనికే.

చిక్కులు లేకపోలేదు. తొలి కరెంటు బయటినుంచి రావాలి. గ్రిడ్డు లేని ఒంటరి చోట బ్యాటరీ చచ్చిందంటే, ఎంత తిరిగినా దండగే. పైగా పళ్ళను గుంజీ వదిలీ చేసే గోల, కంపనం. మా వీధి జనరేటర్‌కు దీన్ని పెట్టమని మాత్రం చెప్పను, ఉన్న చప్పుడు చాలు.