రీజనింగ్‌లో దాక్కున్న ఇంగ్లిష్

డోన్ జంక్షన్‌లో బండి లేటయితే పసుపు బోర్డు మీద ఊరి పేరు ఇంగ్లిష్‌లో ఒకసారి చూడండి. డి, హెచ్, ఓ, ఎన్, ఈ. ఐదే అక్షరాలు. ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడి అర్థమున్న ఇంగ్లిష్ మాటలు ఎన్ని చేయగలరు? నాలుగక్షరాల్లో 'డన్' వెంటనే తడుతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు 'నోడ్' కూడా తడుతుంది, జంక్షన్‌కు సరిపోయే మాటే. ఐదూ వాడితే? హెచ్-ఓ-ఎన్-ఈ-డి, 'హోన్డ్'. సానపట్టిన అని అర్థం. బండల వ్యాపారంలో మెరుపు రాకుండా నున్నగా తీసిన రాయిని హోన్డ్ ఫినిష్ అంటారు. బేతంచెర్ల వైపు బండల పనిలో ఉన్నోళ్లకు ఈ మాట తెలిసి ఉండొచ్చు. డిగ్రీ చదివిన మనకు తెలియకపోవచ్చు.

ఇది టైంపాస్ ఆట మాత్రమే కాదు. బ్యాంకు, రైల్వే పరీక్షల రీజనింగ్‌లో ఇలాంటి ప్రశ్నలు మామూలే. ఇప్పుడు దీని గురించి మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ప్రభుత్వ బ్యాంకుల క్లర్క్ పరీక్షను ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని కేంద్ర ఆర్థిక శాఖ 2021 సెప్టెంబరులో నిర్ణయించింది. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులోనూ జరుగుతోంది. ఆర్‌ఆర్‌బీ పరీక్షల్లో తెలుగు ముందు నుంచే ఉంది. పైగా ఎన్‌టీపీసీ మొదటి దశలో ఇంగ్లిష్ సెక్షనే లేదు. 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, మ్యాథ్స్, రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్, అంతే. తెలుగు మీడియం వాళ్లకు ఊరటే. నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే కాబట్టి ఆ ఊరట విలువ తెలుసు.

కానీ 'ఈ అక్షరాలతో ఎన్ని అర్థవంతమైన ఇంగ్లిష్ పదాలు ఏర్పడతాయి?' అనే ప్రశ్నను తెలుగులోకి ఎలా మారుస్తారు? వాక్యం తెలుగులోకి వస్తుంది, అక్షరాలు రావు. జవాబు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగు అక్షరాలు ఇద్దామంటే గుణింతాలను, ఒత్తులను ఎలా లెక్కపెట్టాలో ఎవరూ తేల్చలేరు.

ఇక్కడ రెండు రకాల ప్రశ్నల్ని విడిగా చూడాలి. ఒకటి, ఇచ్చిన పెద్ద మాటలోని అక్షరాలతో కింది వాటిలో ఏది ఏర్పడదు అని అడిగేది. ఉదాహరణకు 'ఎన్విరాన్‌మెంట్' ఇచ్చి, ఆప్షన్లుగా మోటివ్, ఇన్వెంటర్, ఎమినెంట్, మూవ్‌మెంట్ ఇచ్చారనుకోండి. ఎమినెంట్ అంటే తెలియకపోయినా ఫర్వాలేదు. మూవ్‌మెంట్‌కు ఎం రెండు కావాలి, పెద్ద మాటలో ఉన్నది ఒక్కటే. జవాబు దొరికింది. ఇది నిజమైన రీజనింగ్. కళ్లు, లెక్క ఉంటే చాలు.

రెండోది 'ఎన్ని అర్థవంతమైన పదాలు' అనేది. దీనికి తర్కం సగమే పనికొస్తుంది, మిగతా సగం పదసంపద. 'హోన్డ్' తెలిసినవాడికి ఒక జవాబు, తెలియనివాడికి ఇంకో జవాబు. ఏ డిక్షనరీ ప్రకారమో ప్రశ్నలో చెప్పరు. తప్పయితే బ్యాంకు ప్రిలిమ్స్‌లో పావు మార్కు, ఎన్‌టీపీసీలో మూడోవంతు కోత. ఇంగ్లిష్ సెక్షన్ తీసేసిన పరీక్షలో, ఇంగ్లిష్ మాటలు ఎన్నొచ్చో రీజనింగ్ పేరుతో కొలవడం నా దృష్టిలో సరికాదు. మొదటి రకం ఉంచి రెండోది తీసేస్తే పరీక్షకు వచ్చే నష్టమేమీ లేదు.

తీసేసేదాకా మనం రాయాల్సిందే కదా. ఈ ప్రశ్నల్లో తరచుగా కనిపించే ఆప్షన్లు ఏదీ లేదు, ఒకటి, రెండు, మూడు, మూడు కంటే ఎక్కువ. అంటే నాలుగో మాట తట్టగానే ఆపేయొచ్చు. ఓ, పి, ఎస్, టి ఇస్తే స్టాప్, పోస్ట్, స్పాట్, టాప్స్ దగ్గరే పని అయిపోయింది. ఇంకా ఉన్నాయి గానీ మనకెందుకు? అక్షరాల్ని గుడ్డిగా తిప్పకుండా ముందు చివర్లు పట్టుకోండి. ఎస్ ఉంటే బహువచనం, ఈ-డి ఉంటే భూతకాలం, ఈ-ఆర్ ఉంటే చేసేవాడు. డోన్ అక్షరాల్లో ఈ-డి పక్కన పెడితే మిగిలింది హెచ్, ఓ, ఎన్. హోన్డ్ అలా దొరుకుతుంది. అర నిమిషంలో తేలకపోతే వదిలేయండి.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు ఇదే ప్రశ్న కోడింగ్ రౌండ్‌లో వేరే వేషంలో వస్తుంది. నా మొదటి క్యాంపస్ టెస్టులో, ఒకే అక్షరాలున్న మాటల్ని గుంపులుగా విడదీయమన్నారు. నేను ప్రతి మాటకూ అన్ని అమరికలూ తయారుచేసే కోడ్ రాశాను. ఐదక్షరాలకు 120 అమరికలే, చక్కగా నడిచింది. పదక్షరాలకు 36,28,800. పెద్ద టెస్ట్ కేసులన్నీ టైమవుట్ అయ్యాయి, నేనూ బయటికొచ్చాను. చేయాల్సింది చాలా చిన్నది. ప్రతి మాటలోని అక్షరాల్ని అకారాది క్రమంలో పేర్చాలి. డోన్ పేరును పేర్చినా హోన్డ్‌ను పేర్చినా వచ్చేది డి-ఈ-హెచ్-ఎన్-ఓ. దాన్నే తాళంచెవిగా పెట్టి హ్యాష్ మ్యాప్‌లో దాచుకుంటే ఒకే అక్షరాల మాటలు వాటంతటవే ఒకచోట చేరతాయి. కొన్ని అక్షరాలే వాడే చిన్న మాటలు కావాలంటే 26 గడుల లెక్క చాలు, ఏ గడిలోనూ ఉన్నదానికన్నా ఎక్కువ అడగకూడదు. మూవ్‌మెంట్‌లో రెండో ఎం వెతికినప్పుడు మనం చేతితో చేసిందీ ఇదే. ఇంటర్వ్యూలో కోడ్‌కన్నా ముందు ఈ లెక్కను నోటితో చెప్పండి, అవతలివాళ్లు వినేది దాన్నే.

ఈసారి డోన్ నుంచి కర్నూలు బస్సెక్కితే కె, యు, ఆర్, ఎన్, ఓ, ఓ, ఎల్ తీసుకోండి. ఓ రెండుసార్లుంది కాబట్టి లుక్, నూక్ వస్తాయి. లర్క్ కూడా ఉంది. రోల్ అనుకున్నారా? రెండు ఎల్‌లతో రాసే రోల్ రాదు, కర్నూలులో ఎల్ ఒక్కటే.