ఇంకా ఎందరిని చూపాలి?

"రజాకార్లు ముస్లింలు. నువ్వూ ముస్లిమువే. అయితే నువ్వూ..." గద్వాల బస్టాండులో, నాగర్‌కర్నూల్ హోటళ్లలో ఈ లెక్క విని విని చెవులు చిల్లులు పడ్డయి. కొల్లాపూర్ మామిళ్లన్నీ పళ్లే. పళ్లన్నీ మామిళ్లవుతయా?

తెలంగాణలో కవులే లేరన్నప్పుడు ఒక్క కవిని చూపినా ఆ మాట కూలేది. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'లో 354 మందిని చూపాడు. ఆయన్నే వనపర్తి 1952లో అసెంబ్లీకి పంపింది. ఆ రుజువు మీరు ఒప్పుకున్నరు.

మా వంతు రాగానే తర్కం మారుతది. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే, ఉర్దూలోనే రాసిండు. రజాకార్లను ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైండు. ఆ పేరెత్తితే "ఆయన వేరులే" అంటరు.

మీ సూత్రం తప్పని తేలాలంటే మేమింకా ఎందరం చావాలె?