సముద్రము దాటినది శిశువా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు గృహస్థుల నోట తఱచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "ఇండియా వెళ్ళినప్పుడు చేయిద్దాము." నామకరణము మొదలు ఉపనయనము వఱకు శిశుసంస్కారము లన్నియు ఈ ఒక్క వాక్యమునకు బందీలైనవి. ఆఱవ మాసమున జరుగవలసిన అన్నప్రాశనము వేసవి సెలవులకై వేచియుండును. ఈలోపున శిశువు డేకేర్‌లో అన్నియు తినుచునే యుండును. చౌలము విమానపు టికెట్ల ధర తగ్గువఱకు ఆగును.

నామకరణమునకు పదవ లేక పన్నెండవ దినమును, చౌలమునకు మొదటి లేక మూడవ సంవత్సరమును మనుస్మృతి విధించినది. కాలాతీతమైనచో ప్రాయశ్చిత్తము కలదు గదా యందురు. కలదు. అది తప్పనిసరియై కాలము దాటినవారికి చెప్పబడినదే గాని, ముందుగానే దాటింప నిశ్చయించుకొన్నవారికి కాదు. (బొడ్డు కోయుటకు పూర్వమే కావలసిన జాతకర్మ నేడు హైదరాబాదు ఆసుపత్రులలోను సాధారణముగా జరుగుట లేదు, ఆ లోపమును విదేశవాసులపై మోపుట న్యాయము కాదు.)

"అది కర్మభూమి కాదు, కృష్ణసారమృగము సంచరించు దేశమే యజ్ఞార్హమని మనువు చెప్పెను" అని కొందఱు శాస్త్రమునే అడ్డము పెట్టుదురు. ఆ వచనము నివాసయోగ్యమైన దేశమును గూర్చినది. ఉద్యోగమునకై వెళ్ళునాడు, ఇల్లు కొనునాడు స్మరణకు రాని ఆ లేడి, కుమారుని నామకరణము నాడే కనులయెదుట గంతులు వేయుట ఏ మీమాంస? సముద్రయానమును బౌధాయనుడు పతనీయములలో చేర్చిన మాట వాస్తవము. ఆ దోషము యానము చేసినవానిది. న్యూజెర్సీలో పుట్టిన శిశువు ఏ సముద్రమును దాటెను? తండ్రి దోషమునకు శిశువు సంస్కారలోపమును అనుభవింపవలెనా?

పురోహితులు దొరకరను వాదము ఒకనాడు నిజము. పిట్స్‌బర్గులో శ్రీవేంకటేశ్వరాలయము వెలసినది 1976లో. నాటినుండి అర్ధశతాబ్దము గడచినది. ఆలయము లేని నగరములు నేటికిని కలవు. కాని నామకరణమునకు కర్త తండ్రియే, పురోహితుడు చేయించువాడు మాత్రమే.

పుట్టిన గడియనైనను సరిగా పట్టించుకొనరు. అక్కడి గడియారపు సమయమును ఉన్నదున్నట్లు వాట్సాపులో పంపగా, ఇక్కడివారు దానిని భారతకాలముగా భావించి నక్షత్రము నిర్ణయించెదరు. తూర్పు తీరమునకు మనకు వేసవిలో 9½ గంటలు, శీతకాలమున 10½ గంటలు భేదము. నక్షత్రపాదము సుమారు 6 గంటలు. పాదము నిశ్చయముగా మాఱును, పెక్కుసారులు నక్షత్రమే మాఱును, లగ్నము సంగతి చెప్పనే అక్కఱలేదు. ఆ తప్పు నక్షత్రముతోనే ఆ బిడ్డకు ఆజన్మాంతము అర్చనలు సాగును.

వాయిదాకు అసలు కారణము వేఱు. ఫంక్షన్ హాలు, బంధుసమూహము, ఛాయాచిత్రములు అక్కడ కుదరవు. తాత, నాయనమ్మ కన్నులార చూడవలెనను కోరిక ఉత్తమమైనదే. కాని ప్రసవమునకై విజిటర్ వీసాపై వచ్చి, సాధారణముగా లభించు 6 నెలల గడువులో ఆ యింటనే యుండి బిడ్డకు నీళ్ళు పోయుచున్నవారు వారే గదా! పన్నెండవనాడు పళ్ళెరములో బియ్యము పోసి, తండ్రి బంగారు ఉంగరముతో పేరు వ్రాయుటకు వారి యెదుటనే అవకాశ మున్నది. ఆ బియ్యము ఆ యింటి వంటగదిలోనే యున్నవి.